ఆరువందల పదకొండో సంతకం

వెర్నా అత్త ఇల్లు, న్యూ మెక్సికో
3 సెప్టెంబరు 2012

చిట్టీ,

నీ ఉత్తరమూ, మన అణువిద్యుత్ ప్లాంటువాళ్ళ క్యాలెండరూ అందాయి. క్యాలెండరు పంపమన్నది బొమ్మల కోసం కాదు. ప్రతి నెలా మొదటి మంగళవారం గడిలో చిన్న అక్షరాలతో 'సైరన్ పరీక్ష' అని ఉంటుంది చూడు, దాని కోసం. ముప్ఫై ఏళ్ళు ఆ కూత విన్న మనిషిని. ఇక్కడ ఎడారిలో కూసేవాళ్ళు ఎవరున్నారు? మంగళవారం పది గంటలకి నా అంతట నేనే తల పైకెత్తుతాను. "ఏం చూస్తున్నావు లెస్టర్, వానా?" అంటుంది మీ అత్త. వానట! ఈ ఊళ్ళో వాన పడితే పేపర్లో వేస్తారు.

ఫోను చెయ్యమని పోరకు. నా చెవులు ఆ టర్బైన్ల హాల్లోనే రాజీనామా ఇచ్చేశాయి. ఫోను చెవిలో పెట్టుకుంటే నాకు వినపడేది నువ్వు కాదు, ఈల. కాగితం మీద అయితే నువ్వు అరవక్కర్లేదు, నేను "ఆఁ? ఆఁ?" అనక్కర్లేదు. దగ్గు అలాగే ఉంది. పొడిగాలి మంచిదన్న డాక్టరు ఈ గాలి ఎప్పుడూ పీల్చినట్టు లేదు. మీ అత్త మాత్రం రోజూ పచ్చిమిరపకాయల కూర వండి, కళ్ళల్లో నీళ్ళొస్తే ఊపిరితిత్తులు శుభ్రమవుతాయంటుంది.

పెద్ద తనిఖీ వస్తోందని రాశావు. మూడేళ్ళకోసారి వచ్చే ఆ ముచ్చట నాకు తెలియనిదా? మేం ప్లాంటు కట్టేటప్పుడూ అంతే. ప్రభుత్వంవాళ్ళు వస్తున్నారంటే ఊరంతా పెళ్ళిచూపుల ఇల్లయిపోయేది. అడగనీ, వాళ్ళు ఏం అడిగినా అడగనీ. పైపులనీ పంపులనీ కదలకుండా కాంక్రీటుకి బిగించే ఆ ఇనుప సపోర్టులు ఉన్నాయే, వాటిలో ఆరువందల పదకొండింటికి బోల్టులు పరీక్ష చేసి సంతకం పెట్టింది మీ నాన్న. ఒక్కటంటే ఒక్కటి కదిలించి చూపించమను, మీసం తీయించుకుంటాను.

అక్టోబరులో వస్తానన్నావు. మాట తప్పకు. ఈసారి నీ పుట్టినరోజు కథ, కాస్త ముందుగానే అయినా, నేను చెబుతాను. మీ అమ్మ పోయాక రెండు పుట్టినరోజులు కథ లేకుండానే గడిచాయి. ఆవిడంత బాగా చెప్పలేను కానీ, మేజోడు దగ్గర మాత్రం తడబడను.

నీ చెవిటి నాన్న,
లెస్టర్


కిన్‌కేడ్ ఫెర్రీ
12 సెప్టెంబరు 2012

నాన్నా,

తల గోక్కునే తీరిక లేదు. ఇది భోజనం బల్ల మీద, ఒక చేత్తో శాండ్‌విచ్ పట్టుకుని రాస్తున్నాను. నూనె మరక కనబడితే అది నా ప్రేమ అనుకో.

తనిఖీవాళ్ళు ఆరుగురు. ఇంకా రానే లేదు, నాలుగువందల పన్నెండు కాగితాల జాబితా ముందే పంపారు. ఆ కాగితాలన్నీ వెతకాల్సింది మేం ఇంజనీర్లం. సగం మైక్రోఫిల్ములో ఉన్నాయి. వసంతంలో ప్లాంటు ఆపినప్పుడు మార్చాల్సిన వాల్వు డ్రాయింగు నా బల్ల మీదే ఉంది, దాని మీద దుమ్ము పేరుకుంటోంది. ప్లాంటు బాగుందని చూపించే పనిలో పడి ప్లాంటు పని ఎవరూ చెయ్యడం లేదు. టోబీ అని నా పక్క బల్ల అతను, నోరు కాస్త పెద్దది, "ఇల్లు తుడిచావా అని అడిగితే చీపురు కొన్న రసీదు చూపించడమే మన ఉద్యోగం" అంటాడు.

వాళ్ళొచ్చాక 'ప్రశ్నల గది' అని ఒకటి తెరుస్తారు. గోడ నిండా బోర్డు. ఒక్కో ప్రశ్నకి ఒక్క రోజు గడువు. మొన్న ముందుగా చూసిపోవడానికి వాళ్ళ పెద్దావిడ వచ్చింది, ఒడెల్ అని, జుట్టంతా తెల్లబడింది. మా దగ్గర కాఫీ కూడా ఊరికే తాగకూడదట. డబ్బాలో చిల్లర వేసి, ఆ చప్పుడు మాకు వినపడేదాకా ఆగి, అప్పుడు కప్పు నింపుకుంది. నువ్వయితే ఆవిడకి సెల్యూట్ కొట్టేవాడివి.

అక్టోబరు పన్నెండున వాళ్ళు వెళ్ళిపోతారు. పంతొమ్మిదికి టికెట్ తీసుకున్నాను. పది రోజులు మొత్తం నీ దగ్గరే. మేజోడు కథ నా ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఉత్తరంలో చెల్లదు.

దగ్గు సంగతి దాచకుండా రాయి.

నడీన్


న్యూ మెక్సికో
18 సెప్టెంబరు 2012

చిట్టీ,

కాఫీకి చిల్లర వేసే మనిషి నాకు నచ్చింది. ఆవిడని సతాయించకండి, అడిగింది ఇవ్వండి.

మైక్రోఫిల్ములో నా సంతకం కనబడిందా? కనబడితే రాయి. ఇంకో సంగతి, నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. కాగితం మీద సంతకం పెట్టేముందు పసుపు మైనపు బలపంతో కాంక్రీటు మీద లెక్క రాసుకునేవాణ్ణి, ఏ బోల్టు ఎంత బిగువో, ఎన్ని గంటలకి చూశానో. కాగితం పోయినా గోడ ఉంటుంది కదా. తర్వాత పెయింటర్లు వచ్చి అన్నిటి మీదా బూడిదరంగు పూసిపారేశారు, సన్నాసులు.

దగ్గు గురించి ఏం రాయను? అది నాకంటే ఆరోగ్యంగా ఉంది. మీ అత్త ఊరికే కంగారుపడుతుంది, దాని మాట పట్టించుకోకు. పంతొమ్మిదిన బస్టాండుకి నేనే వస్తాను.

నాన్న


కిన్‌కేడ్ ఫెర్రీ
27 సెప్టెంబరు 2012

నాన్నా,

నీ సంతకం కనబడింది.

ఒడెల్ మేడమ్ ఒక పంపుని ఎంచుకుంది. రియాక్టరుకి ఆపద వస్తే చల్లటి నీళ్ళు పంపే పంపు, అడుగు అంతస్తులో ఇరుకు గదిలో ఉంటుందే, అది. దాని సపోర్టుకి మొదటిసారి బోల్టులు పరీక్షించిన కాగితం తెమ్మంది. నేనే వెతికాను. తెర మీద నీ చేతిరాత చూడగానే గదిలో అందరినీ పిలిచాను, "మా నాన్న!" అని. టోబీ కూడా టోపీ తీశాడు.

అందరూ వెళ్ళాక తేదీ చూశాను. 9 నవంబరు 1981. మొదలు: మూడూ యాభై. పూర్తి: అయిదూ పది.

నాన్నా, నేను ఆ రోజు సాయంత్రం నాలుగూ ముప్ఫై అయిదుకి పుట్టాను, ప్లాంటుకి అరవై మైళ్ళ దూరంలో.

అమ్మ ప్రతి ఏడూ చెప్పేది కదా. మంచువాన. నువ్వు ఫోర్‌మన్ లారీ అడిగి తీసుకుని మధ్యాహ్నానికే వచ్చేశావు. బురదబూట్లు విప్పితేగానీ లోపలికి రానివ్వనంది నర్సు. విప్పితే మేజోడుకి చిల్లు, బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. అమ్మ నొప్పుల మధ్యలో నవ్వింది, ఆ నవ్వులోనే నేను పుట్టేశాను. నన్ను మొట్టమొదట ఎత్తుకున్నది నువ్వు. ఈ కథ నా ఒంట్లో రక్తంలాగా ఉంది, దీన్ని నేను ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేదు.

మరి ఆ కాగితం మీద సంతకం ఎలా వచ్చింది? తేదీ పొరపాటేమో అని ఆశపడ్డాను. కానీ అదే తేదీన బోల్టు బిగువు కొలిచే టార్క్ రెంచి నువ్వు తీసుకున్నట్టు పనిముట్ల చీటీ కూడా ఉంది. చీటీ రాయించి సంతకం తర్వాత పెట్టావా? చూడకుండా పెట్టావా?

ఇక్కడ ఎవరికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే ఎప్పటికీ తెలియదు. కానీ నా స్కూలు హోంవర్కు మీద సంతకం పెట్టమంటే, వంటింట్లో నిలబడి చివరి లెక్కదాకా చదివేవాడివి. "చూడనిదాని మీద సంతకం పెట్టకు, పెట్టమని ఎవరినీ అడక్కు" అనేవాడివి. ఆ మాట విని పెరిగి ఈ ఉద్యోగానికి వచ్చాను. ఇప్పుడు ఏం చెయ్యమంటావు?

ఆ రోజు ఎక్కడున్నావో ఒక్క ముక్క రాయి. త్వరగా.

నడీన్


న్యూ మెక్సికో
3 అక్టోబరు 2012

నడీన్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. మీ అమ్మ చెప్పినట్టే. రెంచి నా పేరు మీద ఇంకెవరో తీసుకుని ఉంటారు. మర్నాడు వచ్చి సంతకం పెట్టాను. బోల్టులు చూడలేదు.

అది ఒక్కటే. మిగతా ఆరువందల పదీ నా కళ్ళతో చూసినవి.

ఎలా రాయాలో అలా రాసెయ్. నా పూర్తి పేరు వెయ్యి, లెస్టర్ జోసెఫ్ హొలుబ్. ఆ ఒక్క సపోర్టూ మళ్ళీ చూసుకుంటారు, ఒక పూట పని. అయిపోతుంది.

పంతొమ్మిదికి ఎదురుచూస్తుంటాను.

నాన్న


కిన్‌కేడ్ ఫెర్రీ
14 అక్టోబరు 2012

నాన్నా,

రాసేశాను. తప్పుల రిజిస్టరులో నా చేత్తోనే నీ పూర్తి పేరు వేశాను. కింద 'గుర్తించినవారు' అన్నచోట నా పేరు.

ఒక పూట పని అన్నావు. అది మీ రోజుల్లో. ఇప్పుడు ఒక మనిషి ఒక్క సంతకం చూడకుండా పెట్టాడంటే, ఆ మనిషి పెట్టిన సంతకాలన్నీ అబద్ధమనే మొదలుపెట్టాలి. ఆరువందల పదకొండూ. ప్లాంటు నడుస్తుండగానే ప్రతిదాని దగ్గరికీ పాకి, నిచ్చెనలెక్కి, బోల్టు బోల్టూ మళ్ళీ పరీక్షించాలి. తనిఖీ గడువు పెంచారు. పదకొండుమంది ఇంజనీర్లం, వారానికి ఆరు రోజులు, రోజుకి పన్నెండు గంటలు. సెలవులన్నీ రద్దు. ఒకతని పెళ్ళి వాయిదా పడింది. "పుట్టినరోజు నీది, చాకిరీ మాదీనా?" అన్నాడు టోబీ. నవ్వుతూనే అన్నాడులే, కానీ నవ్వు కళ్ళదాకా రాలేదు.

ఆదివారం హోటల్లో నీ పాత జతగాడు డూయీ బాబాయి కనబడ్డాడు. పలకరించబోతే కప్పు పట్టుకుని వేరే బల్లకి వెళ్ళి కూర్చున్నాడు. "కన్నతండ్రిని కాగితానికెక్కించిన కూతురు" అన్నాడట అక్కడివాళ్ళతో. అన్నీ చూసి సంతకం పెట్టి ఉంటే నాకీ మాట వచ్చేదా నాన్నా? ముప్ఫై ఏళ్ళు నీ సంతకం చూసి ఈ ఊరు నాకు దారిచ్చింది. నేనూ అదే చూసుకుని తలెత్తుకు తిరిగాను. కోపం వస్తోంది. రాకుండా ఎలా ఉంటుంది?

కానీ సగం దగ్గరే ఆగిపోతోంది. ఎందుకంటే ఆ సంతకం పెట్టాల్సిన వేళ నువ్వు మా దగ్గరున్నావు. బోల్టుల్ని వదిలేసి మమ్మల్ని చూసుకున్నావు. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ కథ ఒక్కటే, దాన్ని పట్టుకునే ఈ పన్నెండు గంటలూ నెట్టుకొస్తున్నాను.

పంతొమ్మిది టికెట్ రద్దు చేశాను. పుట్టినరోజుకి ఎలాగైనా వస్తాను.

నడీన్


న్యూ మెక్సికో
22 అక్టోబరు 2012

చిట్టీ,

నా చెయ్యి కాస్త వణుకుతోంది, అందుకని నేను చెబుతుంటే మీ అత్త రాస్తోంది. దాని స్పెల్లింగులకి నా పూచీ లేదు.

అన్నీ మళ్ళీ చూడాలంటారని నాకు తట్టలేదు తల్లీ. ఒట్టు. ఒక్కటే అనుకున్నాను. పదకొండుమందిని, వాళ్ళ ఇళ్ళల్లో మరో పదకొండుమందిని ఉసూరుమనిపించాను. ఆ పెళ్ళికొడుకుతో నా తరఫున తప్పయిందని చెప్పు. డూయీని ఏమీ అనకు, వాడికి నా మీద ప్రేమ ఎక్కువ, బుర్ర తక్కువ.

ఆ పంపు గది చూశారా ఇంకా? చూడకపోతే చివరికి పెట్టుకోండి. నువ్వు మాత్రం వెళ్ళకు. పంపు కింద మనిషి వెల్లకిలా పడుకుని దూరాలి, చాలా ఇరుకు. సన్నగా ఉండే మరొకరెవరినైనా పంపు. నా మాట విను.

ఇంత పని పెట్టుకుని ఇప్పుడు రావద్దు. పని ముగించుకో. నేను బాగానే ఉన్నాను. ఊపిరి పరీక్షలకని ఓసారి ఆసుపత్రికి రమ్మన్నారు, అంతే.

నాన్న


కిన్‌కేడ్ ఫెర్రీ
30 అక్టోబరు 2012

నాన్నా,

రావద్దన్నావు. సరే, రాను. నీ పేరు రిజిస్టరుకెక్కించిన కూతురి మొహం చూడాలని లేదేమో, నాకు అర్థమవుతుంది. అత్త చేత రాయించనక్కర్లేదు, నువ్వే రెండు ముక్కలు రాసి ఉంటే బాగుండేది.

ఇవాళ్టికి అయిదువందల యాభై రెండు చూశాం. ఒక్కటి కదల్లేదు. నిన్న బిగించినట్టున్నాయి. ఒడెల్ మేడమ్ నిచ్చెన మీంచి దిగి, "ఈయన అంత శ్రద్ధగా చూసిన మనిషి ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశాడు?" అంది. నేనేం చెప్పను? నేను పుట్టానని చెప్పాను. ఆవిడ మళ్ళీ నిచ్చెనెక్కింది.

నీ మీసం పదిలం. పంపు గది ఏడో తారీఖున తెరుస్తారు, అప్పుడే ఆ పంపుని ఆపడానికి వీలవుతుందట. ఆరువందల పదకొండో నంబరు అదే.

నడీన్


కిన్‌కేడ్ ఫెర్రీ
7 నవంబరు 2012

నాన్నా, నాన్నా,

ఇప్పుడే బయటికి వచ్చాను. వీపంతా గ్రీజు. చేతులు కడుక్కోకుండా రాస్తున్నాను.

నువ్వు వద్దన్నావు కాబట్టే నేనే దూరాను. టోబీ కాళ్ళ దగ్గర కూర్చుని లైటు పట్టుకున్నాడు. వెల్లకిలా పడుకుని తల పంపు కిందికి పెట్టి పైకి చూస్తే, పెయింటర్ల కుంచె అందని చోట, కాంక్రీటు మీద పసుపు రాత. నాలుగు బోల్టులు, నాలుగు అంకెలు. ఒక్కోదాని పక్కన టైము. మూడూ యాభై అయిదు. నాలుగూ పది. నాలుగూ ఇరవై అయిదు. నాలుగూ నలభై. కింద తేదీ, 9 నవంబరు 81. టోబీ కొత్త రెంచి పెట్టి చూశాడు, నువ్వు రాసినదానికి వెంట్రుకవాసి తేడా లేదు.

నాలుగో బోల్టు కింద ఇంకో వరుస ఉంది. పని రాత కాదు. అక్షరాలు పెద్దవి, వంకరవి, బలపం గట్టిగా నొక్కి రాసినవి.

'ఈపాటికి పుట్టే ఉంటుంది. ఆడపిల్లా? మగపిల్లాడా?'

నువ్వు ఆసుపత్రిలో లేవు. ఆ కాంక్రీటు కింద ఉన్నావు. మరి మేజోడు? నర్సు? అమ్మ కల్పించిందా? ఇరవై ఎనిమిదేళ్ళు ఏటా కొత్తగా నవ్వుతూ చెప్పిందే! నువ్వు పక్కన కూర్చుని కేకు తింటూ ఊఁ కొట్టావే!

పైగా నా చేత అబద్ధం రాయించావు. చూసి సంతకం పెట్టిన మనిషివి, చూడలేదని ఒప్పుకున్నావు. నీ పేరు పాడుచెయ్యమని నా చేతికే కలమిచ్చావు. ఎందుకు చేశావు నాన్నా? నాకు తెలుసు ఎందుకో. అందుకే లైటు ఆర్పమని టోబీకి చెప్పి అక్కడే పడుకుని ఏడ్చాను.

నువ్వు అక్కడ ఉండి తీరాలని నేనెప్పుడైనా అడిగానా?

ఎల్లుండి ఉదయం విమానం. పుట్టినరోజు నాడు నీ ఎదురుగా ఉంటాను. ఎవరు వద్దన్నా వస్తాను. ఈ ఉత్తరం నాకంటే ముందొస్తే ఏడవకు. నేనొచ్చాక ఇద్దరం ఏడుద్దాం.

నీ చిట్టి


ఆసుపత్రి, న్యూ మెక్సికో
4 నవంబరు 2012

చిట్టీ,

ఇది నీ పుట్టినరోజు నాటికి చేరాలని ముందుగా పంపుతున్నాను. ఏడవనని మాటిచ్చాకే మీ అత్తకి కాగితం ఇచ్చాను. మాట తప్పుతోంది, నువ్వు పట్టించుకోకు.

కథ చెబుతానన్నాను కదా. 1981, నవంబరు తొమ్మిది, మంచువాన. నేను ఫోర్‌మన్ లారీ తీసుకుని మధ్యాహ్నానికే వచ్చేశాను. నర్సు బూట్లు విప్పమంది. మేజోడుకి చిల్లు.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయాను తల్లీ. రాత్రినుంచీ నాలుగుసార్లు మొదలుపెట్టాను. పడక మీద ఉన్నవాడికి అబద్ధం మింగుడుపడదు, ఊపిరే మింగుడుపడనప్పుడు.

ఆ రోజు పొద్దున్న పక్కింటి హ్లాడిక్ గారి భార్య ప్లాంటు ఆఫీసుకి ఫోను చేసింది, మీ అమ్మని, ఇర్మాని, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను రమ్మని. మర్నాడు ప్రభుత్వంవాళ్ళ తనిఖీ. ఆ పంపు కాగితం సాయంత్రానికి కాకపోతే నలభైమంది పని ఆగిపోతుందన్నాడు ఫోర్‌మన్. నన్ను ఎవరూ కట్టెయ్యలేదు. గేటు తెరిచే ఉంది. నేనే ఉండిపోయాను. ఇదొక్కటి చూసేసి వెళ్దామనుకున్నాను. తర్వాత ఇంకొకటన్నారు. తర్వాత వాళ్ళొచ్చారు, ప్రశ్నల మీద ప్రశ్నలు. మూడో రోజుకి వచ్చాను. బూట్లు, నర్సు, మేజోడు, అన్నీ నిజమే, అవి మూడో రోజువి. మీ అమ్మ నవ్వింది. ఏడ్చి ఏడ్చి ఉంది, అయినా నవ్వింది.

నీ మొదటి పుట్టినరోజుకి మీ అత్తే అడిగింది, "ప్రసవమప్పుడు వీడు దగ్గరున్నాడా?" అని. నేను తలవంచుకున్నాను. మీ అమ్మ నా వైపు చూసి, "లేకేం? మేజోడుకి చిల్లుతో వచ్చాడు" అంది. అలా పుట్టింది ఆ కథ. మీ అమ్మ నన్ను క్షమించింది ఆ మాటతోనే. దాన్ని నేనెలా కాదంటాను?

ఆ రోజు ఎక్కడున్నావని నువ్వు అడిగినప్పుడు నా దగ్గర రెండున్నాయి. ప్లాంటులో పేరు ఒకటి, నీ దగ్గర పేరు ఒకటి. రెండూ ఉంచుకోవడానికి లేదు. నీ దగ్గరిదే ఉంచుకున్నాను. దానికి నీ అయిదు వారాలు పోతాయని తెలిసి ఉంటే ఆ రోజే నిజం చెప్పేవాణ్ణి. నిన్ను రావద్దన్నది కోపంతో కాదు. డాక్టర్లు చెప్పింది నీకు తెలిస్తే పని వదిలేసి వస్తావని, నా మూలంగా ఇంకో గొడవవుతుందని. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడు, ముప్ఫై ఒక్కేళ్ళ కిందట చేసిన తప్పే మళ్ళీ చేశాను.

కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను. పని ఆగిపోతుందని ఎవరైనా అంటే ఆగనీ. కాగితం ఆలస్యమవుతుందంటే అవనీ. వదిలేసి రా చిట్టీ. నిన్ను చూడాలని ఉంది.

మీ నాన్న
(చివరి సంతకం నాదే. చూసి పెట్టాను.)


కిన్‌కేడ్ ఫెర్రీ
18 నవంబరు 2012

నాన్నా,

నిన్ను మన ఊరికి తెచ్చి, అమ్మ పక్కన పడుకోబెట్టి ఇంటికొచ్చి తలుపు తీశాను. టపా పెట్టెలో నీ పుట్టినరోజు ఉత్తరం ఉంది. నేను విమానంలో ఉన్నప్పుడు వచ్చిందట. నా ఏడో తారీఖు ఉత్తరం అత్త తెరవకుండా నా చేతిలోనే పెట్టేసింది. పసుపు రాత నేను చూశానని నీకు తెలియకుండానే వెళ్ళిపోయావు. రమ్మని నువ్వు పిలిచావని నాకు తెలియకుండానే నేను బయల్దేరాను.

ఏడో తారీఖు సాయంత్రం పోయావని అత్త ఫోనులో చెప్పినప్పుడు నా వీపు మీద గ్రీజు ఇంకా ఆరలేదు. నువ్వు ఆఖరి ఊపిరి తీస్తున్నప్పుడు నేను ఆ పంపు కిందే ఉన్నాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనగలిగింది నీతోనే.

నీ మీద కోపం పోలేదు నాన్నా. పోతుందని కూడా అనను. పంతొమ్మిదికి వచ్చి ఉంటే పది రోజులు నీ పక్కన కూర్చునేదాన్ని. నిజం చెప్పి ఉంటే ఒక్క రోజు ఏడ్చేదాన్ని, రెండో రోజు టికెట్ సర్దుకునేదాన్ని. నా పుట్టుక రోజున లేనందుకు నీకు శిక్ష వెయ్యాలని ఎవరికుంది? హోంవర్కు చివరి లెక్కదాకా చదివినవాడివి, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఎక్కడికీ పోనివాడివి.

నీ మీసం తియ్యనివ్వలేదు. శవపేటికలో నీట్‌గా కనబడాలని అంత్యక్రియలవాళ్ళు కత్తిరించబోతే, "ఆరువందల పదకొండూ గట్టిగా ఉన్నాయి, మీసం ఉండాల్సిందే" అన్నాను. వాళ్ళకేం అర్థంకాలేదు. డూయీ బాబాయికి అర్థమైంది. చర్చి గుమ్మంలో టోపీ నలుపుతూ నిలబడి, "తప్పుగా అన్నానమ్మా" అన్నాడు. పెళ్ళి వాయిదా పడ్డ అబ్బాయి కూడా వచ్చాడు.

మొన్న పనికి వెళ్ళి రిజిస్టరులో నీ పేరు ఉన్న పేజీ తీశాను. కొట్టెయ్యకూడదు, కింద కొత్త వరుస రాయాలి. రాశాను. 'ఈయన చూశాడు. సంతకం నిజం. పొరపాటు గుర్తించినవారిది.' ఒడెల్ మేడమ్ చదివి, వెళ్ళేముందు నాకూ ఒక కాఫీ పోసి, డబ్బాలో రెండు కాఫీల చిల్లర వేసింది.

ఆ గది మూసేముందు మరోసారి లోపలికి దూరాను. కాంక్రీటు మీద రాతలు రాయడం ఇప్పుడు నిషిద్ధం. టోబీ ఆ మాటే అన్నాడు, అని మొహం పక్కకి తిప్పుకుని లైటు మాత్రం కదలకుండా పట్టుకున్నాడు. వెర్నా అత్త ఇంట్లో నీ చొక్కా జేబులో దొరికిన బలపం ముక్క నా దగ్గరుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా నువ్వు అడిగినదానికి అక్కడ ఎవరూ జవాబు రాయలేదు.

నీ వరుస కింద రాశాను.

'ఆడపిల్ల.'

తేదీ వేశాను. టైము వేశాను. సంతకం పెట్టాను.

నడీన్